వడగట్టిన ఆయిల్

మా బావ గ్లాసు ఎవరూ ముట్టుకోకూడదు. షెడ్డు గోడకి మేకు కొట్టి, దానికి ఆ స్టీలు గ్లాసు తగిలించుకున్నాడు. టీ వచ్చినప్పుడు తనే తీసి, తనే కడిగి, తనే తుడిచి, ఫ్లాస్కు మూతి తగలకుండా ఎత్తు నుంచి పోయించుకుంటాడు. ఓసారి షెడ్డులో బళ్లకి రంగులేసే పెయింటరు దాహం ఆగక అందులో మంచినీళ్లు తాగాడు. బావ ఆ గ్లాసుని సబ్బుతో తోమి, మరిగే నీళ్లలో ముంచి, అప్పటికీ మనసొప్పక కొన్నాళ్లు టీయే మానేశాడు. పక్కవాడి ఎంగిలంటే ఆయనకి అంత అసహ్యం. ఈ సంగతి ముందే ఎందుకు చెబుతున్నానంటే, తర్వాత చెప్పబోయేది వింటే మీకు కడుపులో తిప్పుతుంది. ఆ తిప్పుడులో గ్లాసు సంగతి మరిచిపోకూడదు.

బావంటే మా అక్క మొగుడు. షెడ్డు ఆయనది. విప్పడం, బిగించడం ఆయన పని. కారుకి కంప్యూటర్ తగిలించి జబ్బేమిటో చెప్పడం నా పని. అందుకే అక్కడ నన్నందరూ స్కానరమ్మ అంటారు. బావ మాత్రం నా స్కానర్‌ని నమ్మడు. బానెట్ మీద చెయ్యి వేసి, కళ్లు మూసుకుని, "నా చెవి చాలు మరదలా" అంటాడు. ఆ చెవి మీద నా అభిప్రాయం ఇక్కడ రాస్తే బాగుండదు.

షెడ్డులో ఆయన పెట్టిన రూలు ఒకటుంది. ఇంటివాళ్ల బండి బానెట్ ఆయన తప్ప ఎవరూ ఎత్తకూడదు. "బయటి బళ్లు చూసుకో. ఇంటి బండి నేను చూసుకుంటా" అంటాడు. వినడానికి ఎంత బాగుంటుందో! పెళ్లాం బండి మీద ఎంత ప్రేమో అనుకుంటారు కొత్తవాళ్లు.

అక్కకి ఉన్నది చిన్న కారు. నెత్తిమీద 'నేర్చుకుంటున్నారు' అని బోర్డు, పక్క సీటు కింద తన కాళ్లకి ఇంకో క్లచ్, ఇంకో బ్రేకు. ఆమె ఆడవాళ్లకి కారు నేర్పుతుంది. కుర్ర పిల్లలు రారు, వాళ్లు తమ్ముళ్ల దగ్గరో స్నేహితుల దగ్గరో నేర్చేసుకుంటారు. అక్క దగ్గరికి వచ్చేది నడివయసు దాటినవాళ్లు. స్టీరింగ్ పట్టుకోగానే చెమటలు పట్టేవాళ్లు, ఎదురుగా బస్సు కనిపిస్తే కళ్లు మూసుకునేవాళ్లు. వాళ్లతో అక్కకున్న ఓపిక నాకు ఈ జన్మలో రాదు. వెనకవాడు హారన్ కొడుతుంటే, "కొట్టుకోనీవమ్మా. వాడి చెయ్యి, వాడి హారన్. నువ్వు నీ పని చూసుకో" అంటుంది. అలా ఎంతమందిని రోడ్డెక్కించిందో లెక్కలేదు.

అలాంటి అక్క ఈమధ్య కూడలి వస్తోందంటే బిగుసుకుపోవడం మొదలుపెట్టింది.

కారు ఆగిపోతోంది. పొద్దున్న స్టార్ట్ చేసినప్పుడు ఇంజన్ కాసేపు కటకటలాడి సర్దుకుంటుంది, తర్వాత బాగానే వెళ్తుంది. ఇంజన్ బాగా వేడెక్కాక సిగ్నల్ దగ్గర ఆపితే మాత్రం ఒళ్లంతా వణికి, ఠక్కున ఆగిపోతుంది. ఇదే ఇంకెవరి కారులోనైనా జరిగితే మర్నాడే మెకానిక్ దగ్గరికి పరిగెత్తేవాళ్లు. ఇది నేర్చుకునేవాళ్ల కారు. నేర్చుకునేవాళ్ల కారు ఆగిపోతే ఎవరైనా ఇంజన్‌ని అనుమానిస్తారా? కాలుని అనుమానిస్తారు. క్లచ్ తొందరగా వదిలేశావు, కాలు తేలిగ్గా ఉంచు, మళ్లీ చెయ్యి అంటారు. ఆ ఆడవాళ్లు పాపం తమ కాళ్లని తామే తిట్టుకున్నారు. కొందరు మానేశారు. ఒకావిడైతే, "నాకు రాత లేదమ్మా" అని దణ్ణం పెట్టి వెళ్లిపోయింది.

టైలరమ్మ మాత్రం మానలేదు. ఆవిడకి కుట్టిన బట్టలు దుకాణాలకి తీసుకెళ్లడానికి లైసెన్సు కావాలి. పోయినసారి పరీక్షలో వాలు మీద కారు ఆగిపోయింది. ఇన్‌స్పెక్టరు తల అడ్డంగా ఊపి కాగితం మడిచేశాడు. ఆవిడ దిగి, బోర్డు పట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చింది. "కుట్టు మిషన్ తొక్కే కాలండీ ఇది. ఇన్నేళ్లలో ఒక్క కుట్టు తప్పలేదు. దీనికేమైంది?" అందట. ఆ మాట అక్కకి ముల్లులా గుచ్చుకుంది.

బావ ఏం చేశాడు? క్లచ్ ప్లేట్ మార్చాడు. మళ్లీ ఆగింది, మళ్లీ మార్చాడు. మార్చిన ప్రతిసారీ షెడ్డుకి వచ్చినవాళ్లందరి ముందూ, "మా ఆవిడ కాలికి ప్లేట్లన్నీ బలి" అని పళ్లికిలించాడు. జనం నవ్వారు. అక్క కూడా నవ్వింది. ఆ నవ్వు చూసి నాకు ఒళ్లు మండింది.

చివరికి అక్కే నడుపుతున్నప్పుడు కూడా ఆగడం మొదలుపెట్టింది. అప్పుడు బావ తీర్పు చెప్పేశాడు. "వయసు మీద పడుతోంది. కాలు పట్టు తప్పింది. నీకే పట్టు లేకపోతే ఇంకొకరికి ఏం నేర్పుతావ్? శనివారం ఆ టైలరమ్మ పరీక్ష అయిపోతే బండి బ్రోకరుకి ఇచ్చేద్దాం. షెడ్డులో కూర్చుని ఫోన్లు ఎత్తు, సరదాగా ఉంటుంది."

అక్క సరేనంది. అదీ నాకు భయమేసిన విషయం. పోట్లాడి ఒప్పుకుంటే వేరు. తన కాలి మీద తనకే నమ్మకం పోయి ఒప్పుకుంది.

ఆ మర్నాడు అక్క కారులో నేనూ ఎక్కాను. షెడ్డుకి సామాన్లు తేవాలని వంక పెట్టి పక్క సీట్లో కూర్చున్నాను. అక్కే నడిపింది. ఊరంతా తిరిగి ఇంజన్ బాగా వేడెక్కాక పెద్ద కూడలి వచ్చింది. ఎర్రలైటు. అక్క మెల్లగా ఆపింది. నేను రోడ్డు చూడలేదు, ఆమె కాళ్లనే చూస్తున్నాను. ఎడమ కాలు క్లచ్‌ని నేలకి అదిమిపెట్టింది. చేత్తో గేరు న్యూట్రల్‌కి తెచ్చింది. అప్పుడు కాలు తీసి కింద పెట్టింది. అంతా అయ్యాక, ఎవరూ ఏమీ తొక్కకుండా, బండి గజగజ వణికి ఆగిపోయింది.

పచ్చలైటు పడింది. వెనక లారీవాడు హారన్ మీద చెయ్యి తియ్యలేదు. వాడి చెయ్యి, వాడి హారన్ అని అక్క అనలేదు. గేరు కర్ర పట్టుకుని అటూ ఇటూ ఊపి చూసి, అప్పుడు తాళం తిప్పింది.

కూడలి దాటాక అడిగాను. "అక్కా, న్యూట్రల్‌లో ఉందిగా?"

"ఉంది."

"న్యూట్రల్‌లో చక్రాలకీ ఇంజన్‌కీ సంబంధమే ఉండదు. అప్పుడు ఆగితే నీ కాలెలా అవుతుంది?"

"ఆయనకీ అదే చెప్పా." అక్క అద్దంలోకి చూస్తూ అంది. "నువ్వలా అనుకుంటున్నావ్ అంతే, గేరులోనే ఉండుంటుంది అన్నారు. అన్నిసార్లు అంటే నాకూ అనుమానం వచ్చింది. ఇప్పుడు గేరు వేశానో లేదో చేత్తో తడుముకుని చూసుకుంటున్నానే."

నా నోటికి వచ్చినవన్నీ బావని తిట్టే మాటలే కాబట్టి మింగేశాను. తల తిప్పి స్పీడు ముల్లు ఉన్న వైపు చూస్తే, అక్కడ ఓ మూల పువ్వు బొమ్మ స్టిక్కరు కనిపించింది.

"ఇదేంటి?"

"ఆయనే అంటించారు. నేర్చుకునేవాళ్లు లైట్లు చూసి బెదిరిపోతారట."

గోరుతో పీకాను. దాని వెనక పసుపు లైటు నిశ్చింతగా వెలుగుతోంది. ఇంజన్‌లో ఏదో తేడా ఉందని కారు తన నోటితో తను చెప్పే లైటది. దాని నోటి మీద పువ్వు అంటించి, నేరం అక్క కాలి మీద వేశాడు.

షెడ్డుకి వచ్చేసరికి బావ లేడు, ఎవరిదో బండి లాక్కురావడానికి వెళ్లాడు. నేను అక్క కారు బానెట్ ఎత్తాను. పెయింటరు గుడ్లప్పగించి, "స్కానరమ్మా, ఇంటి బండి!" అన్నాడు. "నేనూ ఇంటిదాన్నే" అన్నాను.

స్కానర్ తగిలించాను. వాల్వుల టైమింగ్ తప్పిందని వచ్చింది. తెలియనివాళ్లకి చెబుతున్నా, వాల్వులంటే ఇంజన్‌కి తలుపులు. గాలీ పెట్రోలూ లోపలికి రావడానికి తెరుచుకుంటాయి, మూసుకుంటాయి. వేగంగా వెళ్లేటప్పుడు ఆ తలుపులు కాస్త ముందుగా తెరుచుకోవాలి. ఆగి ఉన్నప్పుడు ఆ తొందర పనికిరాదు, పాత సమయానికి వచ్చెయ్యాలి. వాటిని నడిపే ఇరుసుని ముందుకీ వెనక్కీ జరిపేది ఇంజన్ ఆయిలే. ఆ ఆయిల్ ఎప్పుడు ఎటు వెళ్లాలో చెప్పేది బొటనవేలంత కరెంటు వాల్వు. అందులో సన్నటి జల్లెడ ఉంటుంది.

ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు కంప్యూటర్ ఆ ఇరుసు జోలికి పోదు. వేడెక్కాకే జరపడం మొదలుపెడుతుంది. ఆగిపోవడం కూడా అప్పుడే. అందుకని ఇంజన్ వేడి తగ్గకుండా రేజ్ చేసి, వదిలి, తెర మీద అంకెలు చూశాను. కంప్యూటర్ వెనక్కి రా అంటోంది. ఇరుసు రావడం లేదు. గోడకి చెప్పుకున్నట్టుంది. వాల్వుకి వెళ్లే వైరు పీకేశాను. అప్పుడైనా దానంతటది వెనక్కి రావాలి. రాలేదు. వణికి వణికి నా కళ్లముందే బండి ఆగిపోయింది. కారులో ఎవరూ లేరు. ఏ కాలూ లేదు.

ఇంజన్ చల్లారాక ఆ కరెంటు వాల్వు విప్పాను.

ఇన్నేళ్లలో నేను చాలా మురికి చూశాను. సీట్ల కింద కుళ్లిన పాలు చూశాను, ఎయిర్ ఫిల్టర్‌లో చచ్చిన ఎలుక పిల్లల్ని చూశాను. ఇది వేరు. జల్లెడ కనిపించడం లేదు. దాని చుట్టూ నల్లటి జిగురు, చీమిడిలా సాగుతోంది. కాటన్ వేస్టుతో తుడిస్తే ఆ జిగురులోంచి పీచు వచ్చింది. తల దువ్విన దువ్వెనలో చిక్కుకున్న ఉండలాంటి పీచు. ఇంజన్‌లోకి పీచు ఎక్కడినుంచి వస్తుంది? పెట్రోలులో ముంచి కడిగి వెలుతురులో పట్టుకున్నాను. నారింజ రంగు.

ఆయిల్ కొలిచే డిప్‌స్టిక్ లాగి వాసన చూశాను. ఒక ఆయిల్ వాసన కాదది. మాడిన వాసన, పుల్లటి వాసన, డీజిల్ వాసన కలిసి గుప్పుమన్నాయి. రెండు వేళ్ల మధ్య రాస్తే గరగరమంది. ఈ కారుకి నీళ్లలా పల్చటి ఆయిల్ పొయ్యాలి. ఇందులో ఉన్నది బెల్లం పాకంలా జారుతోంది. వేళ్లు ఎంత తుడుచుకున్నా ఆ జిడ్డు పోలేదు, మధ్యాహ్నం అన్నం తినబుద్ధి కాలేదు.

షెడ్డు వెనక్కి వెళ్లాను. కార్లలోంచి తీసిన పాత ఆయిల్ పోసే పెద్ద డ్రమ్ము అక్కడే ఉంటుంది. దాని వెనక, పాత టైర్ల చాటున, ఇంకో చిన్న డబ్బా కనిపించింది. డబ్బా మీద గరాటు. గరాటు మీద గుడ్డ పరిచి, ఎగిరిపోకుండా రెంచీలు పెట్టి ఉన్నాయి. గుడ్డ మీద నల్లటి బురద పేరుకుంది, ఆ బురదలో ఈగలు అంటుకుని చచ్చాయి. అంచులు మాత్రం నారింజ రంగులో మిగిలాయి. అది అక్క తువ్వాలు. తీగ మీంచి ఎవరు తీశారో అని ఇల్లంతా వెతికిన తువ్వాలు.

డబ్బా లోపల నల్లగా, నున్నగా, వడగట్టిన ఆయిల్. ఊరివాళ్ల ఇంజన్లు నమిలి ఉమ్మిన ఆయిల్.

"చూశావా నా చిన్న ఫ్యాక్టరీ!" వెనకనుంచి బావ గొంతు. ఎప్పుడొచ్చాడో, నడుం మీద చేతులు పెట్టుకుని నవ్వుతున్నాడు. సిగ్గనేది ఒకటుంటుందని కూడా ఎరగనట్టున్నాడు.

"ఇదేనా అక్క బండిలో పోస్తున్నావ్?"

"ఇంకా ప్రాణం ఉన్న ఆయిలే అది. ఈ పెద్ద కార్లవాళ్లు ఒట్టి భయస్తులు మరదలా. నల్లబడకముందే మార్చెయ్యమంటారు. పారబోద్దామంటే చెయ్యి రాదు. వడగట్టి మరీ పోస్తున్నా."

"బావా, ఇది అందరి ఎంగిలి."

"ఎంగిలేంటి? ఇంజన్‌కి నోరుందా?" అని, గొంతు తగ్గించి గర్వంగా అన్నాడు. "ఒకటి చెప్పనా? పరాయివాళ్ల బండిలో ఒక్క చుక్క పొయ్యలేదు. వాళ్లకి సీలు తీసిన కొత్త డబ్బానే. నాకా నీతి ఉంది. మన ఇంటివాళ్లకేగా!"

ఆ మాట విన్నాక నాకు ఆ డబ్బా కంటే ఆయన మొహం ఎక్కువ రోతగా కనిపించింది. మోసం చేసేవాడైనా కాస్త నయం, వాడు చేసేది మోసమని వాడికి తెలుసు.

"మరి పసుపు లైటు?"

"వెలిగింది. ఆయిల్ పల్చబడిందేమోనని ఈసారి చిక్కటిది కలిపా."

"అంటే ఆయిల్ సంగతని నీకు తెలుసు."

"తెలుసని కాదు. అనుమానం."

"అనుమానం ఉండి, స్టిక్కరు అంటించి, అక్క కాలంటావా?"

బావ టైరు మీద కూర్చున్నాడు. చిన్నపిల్లకి నచ్చజెప్పినట్టు చెప్పాడు. "ఏదో ఒకటి అనాలిగా. మెకానిక్ పెళ్లాం బండే బాగవ్వట్లేదంటే షెడ్డుకి ఎవడొస్తాడు? కాలన్నాననుకో, నేర్చుకునేవాళ్ల బండి కదా, అందరూ నమ్మేస్తారు. తనకి మాత్రం ఏం పోయింది? ఎండలో తిరుగుడు తప్పుతుంది."

ఏం పోయిందట! చేత్తో గేరు తడుముకుంటోంది మనిషి.

"విప్పావు కాబట్టి బాగు చేసెయ్" అన్నాడు లేస్తూ. "కొత్త వాల్వు వెయ్యి, మంచి ఆయిల్ పొయ్యి. శనివారం పరీక్షా గట్టెక్కుతుంది, బ్రోకరు చూసేసరికి బండీ ఠీవిగా ఉంటుంది. మీ అక్కకి మాత్రం చెప్పకు. అనవసరంగా మనసు పాడు చేసుకుంటుంది."

నేను మాట్లాడలేదు. ఒప్పుకున్నాననుకున్నాడు. గోడ మీది గ్లాసు తీసి కడుక్కోవడానికి వెళ్లాడు.

బాగు చేశాను. ఉన్న ఆయిలంతా దించి, లోపలి దారులు కడిగి, ఆ కడిగింది కూడా దించి, ఆ ఇంజన్‌కి తగ్గ పల్చటి కొత్త ఆయిల్ పోశాను. కొత్త వాల్వు బిగించి ఇంజన్ బాగా వేడెక్కేదాకా తిప్పాను. స్కానర్ తెర మీద కంప్యూటర్ రా అంటే ఇరుసు వచ్చింది, పో అంటే పోయింది. గేరు వెయ్యకుండా స్లోలో గంటసేపు వదిలేసినా బండి చప్పుడు మారలేదు. అదృష్టం బాగుండి ఇరుసు పళ్లు ఇంకా అరగలేదు. ఇంకొంతకాలం ఆ ఎంగిలి తాగి ఉంటే నడిరోడ్డు మీద ఇంజనే ముక్కలయ్యేది, అప్పుడు పక్క సీట్లో అక్క ఉండేది.

సాయంత్రం అక్క ఇంటికి వెళ్లి పాత వాల్వు ఆమె అరచేతిలో పెట్టాను. పీచు కడగకుండా కొంచెం అలాగే ఉంచాను.

"ఏంటే ఇది, ఛీ" అంది. తర్వాత కిటికీ దగ్గరికి తీసుకెళ్లింది. ఓ పోగు వేలితో లాగింది. "నా తువ్వాలు."

అంతా చెప్పాను. బావ మాటలు ఒక్కటి కూడా మార్చకుండా, మింగకుండా చెప్పాను. అంతా విన్నాక ఒక్కటే అడిగింది.

"నేను న్యూట్రల్‌లో ఉందని చెప్పినప్పుడు, ఆయనకి అనుమానం ఉందా?"

"ఉంది."

అక్క సబ్బు తీసుకుని చేతులు కడుక్కుంది. తుడుచుకుని, వాసన చూసుకుని, మళ్లీ కడుక్కుంది. ఏడుస్తుందేమోననుకున్నాను. ఏడవలేదు. "శనివారం నువ్వు కూడా రా" అంది.

శనివారం పొద్దున్న పరీక్షకి ముందు టైలరమ్మ చేత ఊరంతా తిప్పించింది. నేను వెనక సీట్లో ఉన్నాను. కూడలి తర్వాత కూడలి, ఎర్రలైటు తర్వాత ఎర్రలైటు. బండి ఆగినచోట నిలబడి బుద్ధిగా గురగురలాడుతోంది. అక్క భుజాలు మెల్లగా కిందికి దిగడం నాకు వెనకనుంచి కనిపించింది. ఓ సందు మలుపులో టైలరమ్మ కంగారుపడి క్లచ్ ఠక్కున వదిలేసింది. బండి కప్పలా గెంతి ఆగింది. టైలరమ్మ మొహం పాలిపోయింది.

అప్పుడు అక్క పకపకా నవ్వింది. ఎన్నాళ్లయిందో ఆ నవ్వు విని. "ఇది మాత్రం నీ కాలేనమ్మా! బండి బంగారం. నీ కాలే. మళ్లీ చెయ్యి" అంది.

టైలరమ్మ కూడా నవ్వేసింది. కాలిదే తప్పని తేలినందుకు అంత సంతోషపడ్డ మనుషుల్ని నేను చూడలేదు. ఆ తర్వాత పరీక్షలో వాలు మీద ఆపి, ఎక్కించి, మళ్లీ ఆపి, ఒక్క కుట్టు తప్పకుండా చేసింది. ఇన్‌స్పెక్టరు ముద్ర కొట్టాడు.

అక్క అక్కడితో ఇంటికి వెళ్లిపోయి ఉంటే కథ ఇంతే. కానీ టైలరమ్మ అందరికీ చెప్పుకోవాలని ముచ్చటపడింది. ముగ్గురం షెడ్డుకి వచ్చాం. అక్కడ బ్రోకరు అప్పటికే బండి కోసం కాచుకు కూర్చున్నాడు. పెయింటరు, బళ్లు బాగుచేయించుకోవడానికి వచ్చినవాళ్లు టీలు తాగుతున్నారు. బావ చేతులు తుడుచుకుంటూ ఎదురొచ్చాడు.

"పాసయ్యారా! అవరా మరి? ప్లేట్ వేసింది ఎవరు?" బ్రోకరు వైపు తిరిగాడు. "బండి ఎలా నిలబడిందో చూశావా? జబ్బేమీ లేదండీ దీనికి. మా ఆవిడ కాలే కాస్త తేడా చేసింది, అదీ ఈమధ్య సర్దుకుంది."

అందరూ నవ్వారు. నేను అక్క వైపు చూశాను. అక్క కూడా నవ్వుతోంది, కానీ ఇది ఆ పాత నవ్వు కాదు.

"అందరూ తాగుతున్నారు, మీరు టీ తాగలేదా ఇంకా?" అంది.

"నా గ్లాసు నేను కడుక్కోవాలిగా."

"ఇవాళ నేను కడిగిస్తా లెండి. మీ ఎదురుగానే."

ఆయన ఎదురుగానే తీసి, సబ్బుతో తోమి, మంచినీళ్లతో తొలిచి చూపించింది. బావ మురిసిపోయాడు. ఆ గ్లాసు పట్టుకుని షెడ్డు మూలనున్న చిన్న గదిలోకి వెళ్తూ, బల్ల మీదున్న టీ గ్లాసులన్నీ ట్రేలో సర్దుకుని పట్టుకెళ్లింది. గ్లాసులు కడగడానికి అనుకున్నారందరూ. నేనూ అలాగే అనుకుని సాయం చేద్దామని వెనకాలే వెళ్లాను. గుమ్మం దగ్గరే ఆగిపోయాను.

అక్క తన సంచీలోంచి నారింజ రంగు గుడ్డముక్క తీసింది. గరాటు మీది తువ్వాలులో నల్లబడని అంచు, ఎప్పుడు చించి తెచ్చుకుందో, ఉతికి ఆరేసి ఉంది. దాన్ని గిన్నె మీద పరిచింది. బ్రోకరు గ్లాసులో అడుగు, పెయింటరు గ్లాసులో పొగాకు నలుసుతో మిగిలింది, ఎవరో బిస్కెట్ ముంచుకుని వదిలేసిన సగం, ఒకదాని తర్వాత ఒకటి వంచింది. గుడ్డ మీద బిస్కెట్ ముద్ద, మీగడ తొరకలు మిగిలాయి. కింద దిగింది చూడ్డానికి టీలాగే ఉంది. స్టవ్ మీద పెట్టి, అల్లం ముక్క దంచి వేసి, పొంగించింది. ఆపుదామని నోరు తెరిచాను. ఎందుకో చెయ్యి అడ్డం పెట్టుకుని మూసేశాను.

బావ గ్లాసు అందుకుని ఉఫ్ మని ఊది, గుటక వేశాడు. ఇంకోటి వేశాడు.

"ఆహా. చిక్కగా ఉందోయ్ ఇవాళ."

"ఇంకా ప్రాణం ఉన్న టీ అండి" అంది అక్క.

బావ గుటక సగంలో ఆగింది. ఆ మాట తనదేనని తెలిసింది, ఎందుకొచ్చిందో తెలియలేదు. అక్క ట్రే తెచ్చి ఆయన ముందు పెట్టింది. ఖాళీ గ్లాసులన్నీ, వాటి పక్కన తడి గుడ్డ, గుడ్డ మీద బిస్కెట్ ముద్ద.

"జనం భయస్తులు, సగం తాగి వదిలేస్తారు. పారబొయ్యడానికి చెయ్యి రాలేదు. వడగట్టే పోశా లెండి."

బావ గుడ్డ వైపు చూశాడు. రంగు గుర్తుపట్టాడు. నోట్లో ఉన్నది భళ్లున చొక్కా మీద కక్కేశాడు. "ఛీ! ఛీ! ఎంగిలి... ఇంతమంది ఎంగిలి... నువ్వు మనిషివేనా? కట్టుకున్న మొగుడికి..."

"పరాయివాళ్లకి ఒక్క చుక్క పొయ్యలేదండి" అంది అక్క నింపాదిగా. "నాకా నీతి ఉంది. మన ఇంటివాళ్లకేగా."

షెడ్డులో ఒక్కడూ నవ్వలేదు. పెయింటరు తన ఖాళీ గ్లాసు వైపు చూసి మొహం తిప్పుకున్నాడు. బావ నా వైపు చూశాడు. నేను కళ్లు దించుకోలేదు. ఆయన గ్లాసు అక్కడే పడేసి కొళాయి దగ్గరికి పరిగెత్తి, నోరు పుక్కిలిస్తూ, వేళ్లు గొంతులోకి పెట్టుకుంటూ వాంతి చేసుకున్నాడు. గ్లాసు దొర్లుకుంటూ వెళ్లి గ్రీజు మడుగులో ఆగింది. ఎవరూ తియ్యలేదు.

"బండి అమ్మడం లేదండీ" అక్క బ్రోకరుతో చెప్పి, టైలరమ్మకి సైగ చేసింది. "పద, నిన్ను ఇంటి దగ్గర దింపుతా. నువ్వే నడుపు."

కారు షెడ్డులోంచి బయటికి కదిలింది. గేటు దగ్గర ఏదో లారీ అడ్డంగా వెళ్తుంటే ఆగింది. కొళాయి దగ్గర వంగి ఉన్న బావ తలెత్తాడు. నీళ్లు కారుతున్న మొహంతో, నోరు తెరుచుకుని, చెవి అటు పెట్టాడు. ఇంజన్ ఇప్పుడు ఆగిపోతుందేమోనని చూస్తున్నాడు. లారీ పొడుగ్గా, మెల్లగా వెళ్తూనే ఉంది.

ఇంజన్ ఆగలేదు.